ప్లేటు మీద పేరు

శుక్రవారం, 14 ఆగస్టు 1998, రాత్రి
నేను చెబుతుంటే మనవరాలు సంతోషి రాస్తోంది.

వయసులో ఉండగా హార్బరు దగ్గర ఓడవాళ్ల క్లబ్బులో జాజ్ పాటలు పాడేదాన్ని. చదువు లేదు, ఇంగ్లీషైతే ముక్క రాదు. గోవా నుంచి వచ్చిన బ్యాండు మాస్టారు వినిపిస్తే చెవితోనే పట్టేసేదాన్ని. ఆయనే కలకత్తా తీసుకెళ్లి నా పాట గ్రామఫోన్ ప్లేటు చేయించాడు. ప్లేటు మధ్యలో ఉన్న అక్షరాలు నా పేరేనన్నాడు. నలభై ఏళ్లుగా వాటికి పసుపూ కుంకుమా పెడుతున్నాను. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఈరోజు శ్రావణ శుక్రవారం. నాకు ఆయాసంగా ఉండి, మొదటిసారి సంతోషి చేతికిస్తే దాన్ని తడిగుడ్డతో తుడిచింది. తుడుస్తూ ఆగిపోయింది.

"మామ్మా, ఇందల నీ పేరు నేదు. డైసీ అనుంది."

"ఏటన్నావ్? కళ్లు పెట్టి సదువు!"

"ఎన్నిసార్లు సదివినా అదే మామ్మా."

డైసీ మాస్టారి పెళ్లాం. గౌను వేసుకుని ముందు వరసలో కూర్చునేది. ఏనాడూ నోరు విప్పి పాడలేదు. ఆ గొంతు నాదని చెప్పడానికి ఇప్పుడెవరున్నారు? మాస్టారు పోయాడు. బ్యాండువాళ్లూ పోయారు. పాడి చూపిద్దామంటే ఉబ్బసం నా గొంతు మింగేసింది.

"నా పేరు రాయే. పెద్దగా రాయ్" అన్నాను.

"రాసీసాను మామ్మా. నూకాలు అని. సూడు" అని కాగితం నా ముందు పెట్టింది.

ఎంతసేపు చూసినా, ప్లేటు మీది డైసీ ఎలా ఉందో ఇదీ నాకు అలాగే ఉంది.