ఆరు దాటిన ఒక్క నిమిషం

పీణ్య, బెంగళూరు
ఆదివారం

అక్కకు,

తమ్ముడు ఓబులేసు నమస్కారాలు. నువ్వు, బావ, పిల్లలు, అమ్మ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. చిన్నదానికి జ్వరం తగ్గిందా? నాకు ఒంట్లో బాగానే ఉంది. వేళకు తింటున్నాను. దిగులు పడాల్సింది ఏమీ లేదని రాయాలనే కూర్చున్నాను గానీ, ఉంది. అందుకే ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించక ముందు నువ్వొక్కదానివే చదువుకో. ఫోన్లో చెబుదామంటే అమ్మ పక్కనే ఉంటుంది, నా గొంతు వింటే కనిపెట్టేస్తుంది.

ఇక్కడ వారం రోజులుగా ముసురు. రూములో బట్టలు ఆరడం లేదు. మెస్సు వాళ్లు సాంబారులో బెల్లం వేయడం మానలేదు. నువ్వు పంపిన శెనక్కాయల పొడితోనే రెండు ముద్దలు దిగుతున్నాయి. అదీ అయిపోవస్తోంది. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకొంచెం పంపు.

విషయానికి వస్తాను. నేను పగలు ఫ్యాక్టరీలో ఇనుప రేకులు నొక్కే ప్రెస్సు మీద, సాయంత్రం డిప్లొమా కాలేజీలో అని నీకు తెలుసు. డిప్లొమా చేతికొస్తే ప్రెస్సు మీద నుంచి తీసి డ్రాయింగులు గీసే గదిలో వేస్తానని ఓనరు మాటిచ్చాడు. చిటికెన వేలి కొస పోయినప్పటి నుంచి ఆ ప్రెస్సు కిందికి దిగిన ప్రతిసారీ నాకు గుండె జారుతుంది. నాలుగేళ్లయినా ఆ భయం పోలేదు. ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

ఈ ఏడు మా కాలేజీ వాళ్లు పాఠాలు, మార్కులు అన్నీ కంప్యూటరులో పెట్టారు. దానికి ఒక సైటు ఉంది. ఒక్కొక్కరికీ తాళంచెవి లాగా ఒక పాస్‌వర్డు ఇచ్చారు. ఇప్పుడు కాగితాలు సారు చేతికి ఇవ్వడం లేదు. బ్రౌజింగ్ సెంటరుకు పోయి, సైటు తెరిచి, టైపు చేసిన రిపోర్టు అందులో ఎక్కించి, కింద సబ్మిట్ అని ఉన్న చోట నొక్కాలి. నొక్కితేనే ఇచ్చినట్టు. చివరి ప్రాజెక్టు రిపోర్టుకు గడువు పోయిన ఆదివారం సాయంత్రం ఆరు గంటలు. అది ఇవ్వకపోతే హాల్‌టికెట్ రాదు, ఏడాది పోతుంది.

ఆ రోజు నాలుగింటికి పది నిమిషాల ముందే పోయి సైటు తెరిచి కూర్చున్నాను. టైపింగ్ నాకు ఒంటి వేలితోనే కదా. మిగిలిన రెండు పేజీలు కొట్టి, రిపోర్టు ఎక్కించేసరికి నాలుగూ నలభై. ఇక నొక్కడమే. చెయ్యి ముందుకు పోలేదక్కా. ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం.

నవ్వుకోకు. నేను మొదటిసారి బెంగళూరు బస్సెక్కింది సోమవారం ఎనిమిదింటికి. రాహుకాలంరా, రేపు పో అని అమ్మ మొత్తుకుంది, వినలేదు. నెల తిరక్కుండానే వేలు పోయింది. అప్పటి నుంచి చొక్కా కొన్నా రాహుకాలం చూసే కొంటున్నాను. ఇంత పెద్ద పని ఆ వేళలో ఎట్లా చేసేది?

ఆరు కాగానే నొక్కుదామనుకున్నాను. గడువు కూడా ఆరే కదా అంటావు. మన బ్యాంకులో టైము అయ్యాక షట్టరు సగం దించినా, లోపల ఉన్నవాళ్ల పని చేసే పంపిస్తారు. రేషను షాపులోనూ అంతే. నేను సైటు లోపలే ఉన్నాను. గడువు బయటి నుంచి వచ్చేవాళ్లకు కదా అనుకున్నాను. గంటా ఇరవై నిమిషాలు ఆ తెర చూస్తూ కూర్చున్నాను. సెంటరతను రెండుసార్లు వచ్చి అయిందా అన్నట్టు "ఆయ్తా?" అని కన్నడలో అడిగాడు. ఇంకొంచెం అన్నాను. గోడ గడియారంలో ఆరు దాటాక, ఒక నిమిషం ఎక్కువే ఉండనీలే అని, అమ్మను తలుచుకుని నొక్కాను. గడువు ముగిసిందని ఎర్రక్షరాలు వచ్చాయి. మళ్లీ నొక్కాను. ఎన్నిసార్లు నొక్కానో తెలియదు.

మంగళవారం క్లాసు అయ్యాక రంగనాథ సారు దగ్గరికి పోయాను. ఆ పాఠం చెప్పేది ఆయనే. పావగడ వైపు మనిషి, తెలుగు మాట్లాడతాడు. భయంలో నోటికొచ్చింది చెప్పాను, కరెంటు పోయింది సార్ అని. ఆయన తన కంప్యూటరు నా వైపు తిప్పాడు.

"ఇక్కడ చూడప్పా. మూడూ యాభైకి లోపలికి వచ్చిండావు. నాలుగూ నలభైకి రిపోర్టు ఎక్కించిండావు. ఆరూ ఒకటికి నొక్కిండావు. నడుమ కరెంటు యాడ పోయిండాది?"

మనం లోపల ఏం చేసినా ఆ సైటు నిమిషాలతో సహా రాసిపెట్టుకుంటుందట. నాకు తెలియదు. తల దించుకుని రాహుకాలం సంగతి చెప్పేశాను. సారు నవ్వి ఉన్నా బాగుండేది. నవ్వలేదు.

"రాహుకాలంలో కొత్త పని మొదలు పెట్టొద్దంటారు. మొదలు పెట్టిన పనిని నిలపమని ఎవురు చెప్పినారు నీకు? నువ్వు మూడూ యాభైకే మొదలు పెట్టిండావు గదప్పా."

నిజమే కదక్కా. ఎసరు పెట్టాక రాహుకాలం వచ్చిందని అమ్మ ఏనాడైనా బియ్యం వేయకుండా ఆగిందా?

గడువు దాటినది తీసుకునే అధికారం తనకు లేదని, ప్రిన్సిపాల్ ముందు చెప్పుకోవాలని అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు రాసుకోని రా. మళ్లా కరెంటు అంటివా, నేను నీ పక్కన నిలబడను" అన్నాడు. ఇంగ్లీషులో మూడుసార్లు రాసి చించాను. రాహుకాలానికి ఇంగ్లీషులో ఏమంటారో తెలియక ఆ మాటే పెట్టాను. నవ్వితే నవ్వనీ. అబద్ధాలకోరు అని హాల్‌టికెట్ ఆపేస్తే మాత్రం ఇంకో ఏడాది ఆ ప్రెస్సు కింద చేతులు పెట్టాలి. నిన్న అదే ఆలోచనలో ధ్యాస తప్పింది. పక్క మిషను మీది మనిషి నా మోచెయ్యి పట్టి వెనక్కి లాగాడు. ఏమీ కాలేదు. నిజంగా ఏమీ కాలేదక్కా.

ప్రిన్సిపాల్ రమ్మన్నది ఈ శుక్రవారం పదకొండు గంటలకు. ఫ్యాక్టరీలో ఒక పూట సెలవు అడిగి పెట్టుకున్నాను. ఆ తర్వాత క్యాలెండరు చూశాను. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. టైము మార్చమని అడగడానికి ఆఫీసు గుమ్మం దాకా పోయాను. ఎందుకు అని వాళ్లు అడిగితే ఏం చెప్పేది? వెనక్కి వచ్చేశాను.

పోతానక్కా. చాలా భయంగా ఉంది, అయినా పోతాను.

బావకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. పక్కింటి పెద్దమ్మను అడిగానని చెప్పు. నా బదులు అమ్మ కాళ్లకు ఒకసారి మొక్కు. శుక్రవారం నా పేరు మీద దీపం పెట్టమను. రోజు చెప్పు. టైము మాత్రం చెప్పొద్దు.

నీ ఆశీస్సులు కోరే తమ్ముడు,
ఓబులేసు