మూడు వేళ్ళ ఎత్తు

ఆంటిగ్వా, జనవరి 21

గౌరవనీయులైన డాక్టరమ్మ ఎడెల్మీరా గారికి,

వడ్రంగి ఇలారియో షికాయ్ నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం, నా కుడి భుజం తప్ప. అదీ దారిలో పడుతోంది. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వెయ్యమన్నారు కదా. మొదటి వారం ఎనిమిది వేశాను, ఈ వారం ఐదు. తొందరపడి తక్కువ వేస్తే దిష్టి తగులుతుందని మా ఆవిడ ఆరు వెయ్యమంది. నేను వినలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా గుడ్ ఫ్రైడే నాడు యేసుస్వామి పల్లకీ కింద నేనూ, మా అమ్మాయికి బాప్తిస్మం నాడు జ్ఞానతండ్రి అయిన నికాసియో బావా పక్కపక్కనే భుజం పెడుతున్నాం. నిరుడు సగం వీధిలోనే నా భుజం చేతులెత్తేసింది. ఈసారీ అలాగే అయితే నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానని, పల్లకీ మోసే మా సంఘంలో భుజాల ఎత్తు కొలిచే ఫెలిసియానో అందరి ముందూ అన్నాడు. ఆ చోటు పోతే నేను తల ఎత్తుకుని తిరగలేను. కాబట్టి భుజం నొప్పి మీద మీరు చేసే పరిశోధన నెగ్గాలని మీకంటే నాకే ఎక్కువ ఆత్రం.

ఇట్లు,
విధేయుడు ఇలారియో

తా.క. నొప్పి సున్నా కంటే కిందికి దిగితే రాయడానికి మీ కాగితంలో గడి లేదు. ముందే చూసుకోండి.

•

జనవరి 29

ఇలారియో గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి సంతోషం వేసింది, ఆ వెంటనే బుర్ర తిరిగింది. చీటీ తీసినప్పుడు మీకు వచ్చింది కరపత్రం కవరు. వ్యాయామం కవరు నికాసియో గారికి వచ్చింది. కొందరికి వ్యాయామం, కొందరికి ఉత్త కాగితం ఇచ్చి పోల్చి చూస్తేనే వ్యాయామం నిజంగా పనిచేస్తుందో లేదో తేలుతుంది.

ఇప్పుడు తేలుతున్నదేమిటంటే, బాగా నిద్రపోండి, బరువులు ఎత్తకండి అన్న కాగితం చదివినవాళ్ళు బాగుపడుతున్నారు. వ్యాయామం చేసేవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. నికాసియో గారు వారం వారం ఏడే వేస్తున్నారు. పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఇలాంటిది ఎక్కడా చదవలేదు. మీరు రోజూ ఏం చేస్తున్నారో దయచేసి వివరంగా రాయండి.

ఇట్లు,
ఎడెల్మీరా ఓవాల్యే
(నేను డాక్టర్ని కాను, ఫిజియోథెరపిస్టుని)

తా.క. ఆ కరపత్రం నేనే ఒక మధ్యాహ్నం భోజనానికి ముందు రాసి పడేశాను. ఈ మార్కులు చూసి మా ఆసుపత్రి పెద్దాయన నన్ను మెచ్చుకుని పదివేల ప్రతులు అచ్చుకి పంపారు.

•

ఫిబ్రవరి 4

డాక్టరమ్మ గారికి,

మీరు కాదన్నా మాకు మీరు డాక్టరమ్మే.

నేను చేసేదంతా కవర్లో ఉన్నదే, సొంత తెలివి ఒక్క చుక్క కూడా కలపలేదు. పొద్దున్న మొక్కజొన్న జావ తాగాక రబ్బరు పట్టీని తలుపు గడియకి కట్టి ముప్పైసార్లు లాగుతాను. తర్వాత గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకుతాను. బల్లలు కొనడానికి వచ్చినావిడ అది చూసి, ఈయనకి గోడ మీద ఏం కనబడుతోందని మా ఆవిడని అడిగింది. ఆఖర్న నేల మీద బోర్లా పడుకుని ఛాతీ లేపుతాను. మా కుక్కకి అది నచ్చదు.

ఈ వారం నాలుగు. బొమ్మలతో సహా మీరిచ్చిందే చేస్తుంటే, ఏం చేస్తున్నావని మీరే అడగడం నాకు అంతుపట్టలేదు.

ఇట్లు,
ఇలారియో

తా.క. కవర్లో నిద్ర గురించి ఒక్క ముక్కా లేదు. దాన్ని కూడా వ్యాయామంలో కలిపితే నేను మొదటివాణ్ణి.

•

ఫిబ్రవరి 12

ఇలారియో గారికి,

మీ కవర్లో రబ్బరు పట్టీ లేదు. ఉండకూడదు. సరిగ్గానే సర్దానని మా గుమాస్తా ఒస్బెర్తో ఒట్టు పెడుతున్నాడు. నేను గట్టిగా అరిచేసరికి రెండు రోజులుగా నాతో మాట్లాడటం మానేశాడు. ఆ పట్టీ మీకు ఎక్కడిది?

ఇంకో సంగతి. మంగళవారం కొలతలకి వచ్చినప్పుడు మీరు నిటారుగా నిలబడ్డారు. మీ భుజం డిసెంబరు నాటి కంటే మూడు వేళ్ళ ఎత్తున ఉంది. చూసి ఎంత సంబరపడ్డానో, కాసేపటికి అంత భయపడ్డాను. నా కరపత్రం చదివితే ఎవరూ మూడు వేళ్ళు లేవరు.

ఇట్లు,
ఎడెల్మీరా

తా.క. ఒస్బెర్తో మాట్లాడకపోయినా కాఫీ మాత్రం తెస్తున్నాడు. చక్కెర వెయ్యడం లేదు.

•

ఫిబ్రవరి 17

అమ్మా,

దొంగతనం మా ఇంటా వంటా లేదు. పట్టీని అరటాకులో చుట్టి దీనితో పంపుతున్నాను. ఇక మీదట సైకిలు ట్యూబు లాగుతాను.

అది బావ కవర్లోది. మా ఊళ్ళో చీటీ అంటేనే మార్చుకునేది. పల్లకీ వంతు చీటీలు ఇచ్చాక, సొంత వీధిలో మొయ్యాలని ఒకడు, అత్తగారింటి ముందు మొయ్యాలని ఇంకొకడు గుడి మెట్ల దగ్గర మార్చుకుంటారు. మీ కవర్లూ చీటీ తీసి ఇచ్చినవే కదా. నేల మీద దొర్లే ఓపిక తనకి లేదని, చదువుకునేదేదైనా ఉంటే ఇమ్మని బావే అడిగాడు. మేమిద్దరమే కాదు, కవర్లు ఇచ్చిన ఆదివారం పదకొండు జతలు మార్చుకున్నారు. నొప్పి ఎక్కువున్నవాళ్ళు పట్టీ తీసుకున్నారు, బద్ధకం ఎక్కువున్నవాళ్ళు కాగితం తీసుకున్నారు. ఎవరికీ అన్యాయం జరగలేదు.

అది పోనీండి. మూడు వేళ్ళంటే నిజంగా మూడు వేళ్ళేనా? పల్లకీ కింద పక్కపక్కన నిలబడాలంటే భుజాలు ఒకే ఎత్తున ఉండాలి. బావా నేనూ ఇన్నేళ్ళూ ఒకే తీరున వంగుతూ వచ్చాం. ఇప్పుడు ఫెలిసియానో నన్ను పొడుగువాళ్ళ వరసలో పడేస్తాడు. నేను భుజం కావాలన్నాను గానీ, పక్కన బావ లేని భుజం నాకెందుకమ్మా? రెండు రాత్రులుగా నిద్ర లేదు. మూడు వేళ్ళు దించే వ్యాయామం ఏదైనా ఉంటే వెంటనే రాసి పంపండి. మార్చి మొదటి ఆదివారమే కొలతలు.

ఇట్లు,
ఇలారియో

తా.క. ఆ గుమాస్తా అబ్బాయికి నా తరఫున క్షమాపణ చెప్పండి. అతనికి భుజం నొప్పి ఉంటే ఇక్కడ మార్చుకోవడానికి మనుషులున్నారు.

•

ఫిబ్రవరి 24

ఇలారియో గారికి,

మీ ఉత్తరం మా పెద్దాయనకి చదివి వినిపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి, ముందు కరపత్రం అచ్చు సంగతి అడిగారు. అచ్చు ఆపించాం, అప్పటికే నాలుగు వేలు అయిపోయాయి.

దించే వ్యాయామం లేదు. ఉన్నా చెప్పను. పట్టీ తిప్పి పంపుతున్నాను, మానకండి. మానితే నొప్పి మళ్ళీ వస్తుంది, అప్పుడు చోటే ఉండదు. పరిశోధన ముగిశాక కాగితం వాళ్ళకీ వ్యాయామం నేర్పుతాం, కానీ అది ఏప్రిల్ చివర్లో. నికాసియో గారి విషయంలో నాకు బాధగానే ఉంది.

ఇట్లు,
ఎడెల్మీరా

తా.క. అప్పటిదాకా ఎవరూ ఎవరితోనూ ఏదీ మార్చుకోవద్దని గుడి దగ్గర చెప్పండి. నా చెప్పులు బయట విడిచినా మార్చుకోవద్దు.

•

ఈస్టర్ తర్వాత మంగళవారం

మా డాక్టరమ్మ గారికి,

మీరు దించే మార్గం చెప్పలేదు కాబట్టి నేనే కనిపెట్టాను. కొలతల రోజున బాగా వదులు పంట్లాం వేసుకుని, లోపల మోకాళ్ళు మూడు వేళ్ళ మేర వంచి నిలబడ్డాను. ఫెలిసియానో కర్ర ఆనించి పాత అంకే చదివాడు. గండం గడిచిందనుకున్నాను. తర్వాత బావ వంతు. బావ మూడు వేళ్ళు ఎక్కువ వచ్చాడు.

ఫెలిసియానో కర్రని తిరగేసి చూశాడు. నేను బావని చూశాను.

"నువ్వెప్పుడు లేచావు బావా?" అన్నాను.

"నువ్వు పెరుగుతుంటే నేను కింద ఉండిపోనా? నీ కొట్టు కిటికీలోంచి చూసి అన్నీ ఇంట్లో చేశాను."

"మరి వారం వారం ఏడు వేశావేం?"

"నా చేతిలో ఉన్నది కాగితం కదా. కాగితం వాడికి తగ్గిందంటే పాపం ఆవిడ పరిశోధన చెడిపోదూ?"

మోకాళ్ళు చాచాను. ఫెలిసియానో మళ్ళీ కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే ఎత్తు. నాలుగు తిట్లు తిట్టి, ఇద్దరినీ కలిపి పొడుగువాళ్ళ వరసలో, అంటే పదిహేడో దాంట్లో, వేశాడు.

గుడ్ ఫ్రైడే నాడు వీధి మొత్తం మోశాం. నొప్పి రాలేదు, ఏడుపు మాత్రం వచ్చింది. బావకీ వచ్చింది, చెమట అన్నాడు.

ఆఖరి కాగితం ఇద్దరిదీ కలిపి ఒకటే పంపుతున్నాం. నొప్పి: సున్నా, సున్నా. కింద ఏ బృందమో రాయమని గడి ఉంది. ఇద్దరం కూర్చుని చాలాసేపు ఆలోచించాం. నేను మీ లెక్కలో కాగితం వాణ్ణి, చేసింది వ్యాయామం. అతను మీ లెక్కలో వ్యాయామం వాడు, తీసుకున్నది కాగితం, దొంగచాటుగా చేసింది వ్యాయామం. మీకు ఎలా రాస్తే మేలో మాకు తెలియలేదు. చివరికి నిజమే రాశాం: పదిహేడో వరస.

ఇట్లు,
ఇలారియో, నికాసియో

తా.క. మీ తర్వాతి పరిశోధనకి సంఘంలో ఎనభై మందీ పేర్లు ఇస్తారట. ఫెలిసియానో ఒక్క షరతు పెట్టాడు: పెరిగితే అందరూ ఒకే లెక్కన పెరగాలి.