ఆదివారం తెల్లచీర

వాట్‌గంజ్, కలకత్తా
ఆదివారం సాయంత్రం

ప్రియమైన జ్ఞానక్కకి,

ప్రభువు పేరట నీకూ బావకీ వందనాలు. నేను ఒంట్లో బాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ దగ్గు ఎలా ఉంది? పిల్లలు బడికి పోతున్నారా, జీడితోటల్లో తిరుగుతున్నారా? ఒక్కొక్కరి సంగతీ విడివిడిగా రాయి. పోయిన ఉత్తరంలోలా "అందరం కులాసా" అని ఒక్క ముక్కలో తేల్చేశావంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ముందుగా ఒక్క మాట. నీ మరిది, అదే మా ఆయన, బతికే ఉన్నాడు. గుండ్రాయిలా ఉన్నాడు, మొన్న వచ్చి ఒక పూటలో కుండెడన్నం తిని వెళ్ళాడు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, ఈ వీధిలో రెండు నెలలుగా నన్ను విధవరాలిని చేసి కూర్చోబెట్టారు. ఆ సంగతి నాకు తెలియనే తెలియదు. నువ్వు కంగారు పడకు, మొదట్నుంచీ చెబుతాను.

ఈ ఊళ్ళో బట్ట కట్టుకుని బయటికి వెళ్ళడమంత రోత పని ఇంకోటి లేదక్కా. నా ట్రంకు పెట్టెలో ఉన్నవి నీకు తెలియనివి కావు. ఆకుపచ్చ వాయిల్ చీర, నీలం నైలెక్స్, గోధుమరంగు నేత చీర, నువ్విచ్చిన గులాబీది, చర్చికి తెల్లవి రెండు. వీటితోనే వారమంతా నెట్టుకురావాలి. వాన పడితే నైలెక్స్, ఎందుకంటే అది ఒంటి మీదే ఆరిపోతుంది. ఎండ కాస్తే వాయిల్. నేత చీరకి గంజి పెడితే ఆరేలోపు మళ్ళీ ముసురు పట్టి పుల్లటి వాసన వేస్తుంది, దాన్ని కట్టుకుని టైపు కొట్టేటప్పుడు నా వాసన నేనే భరించలేను. పెట్టె తెరిస్తే జాకెట్ల చంకల్లో బూజు. ఇస్త్రీ చేద్దామంటే పెట్టె సగం వేడెక్కేసరికి కరెంటు పోతుంది. అందుకని చీరలు మడతపెట్టి పరుపు కింద వేసుకుని వాటి మీదే పడుకుంటున్నాను. నా బరువే నాకు ఇస్త్రీ.

ఇంత చేసి బస్సెక్కితే భవానీపూర్‌లో దిగేసరికి అదంతా బూడిదలో పోసిన పన్నీరే. అక్కడ భూమి కింద రైలు వేస్తామని రోడ్డు నిలువునా తవ్వి పడేశారు. బల్లచెక్కల మీద నడవాలి, చెక్క కింద నుంచి బురద పిచికారీ కొట్టినట్టు లేస్తుంది. కుచ్చిళ్ళు మోకాలిదాకా ఎత్తిపట్టుకుని ఆఫీసు మెట్లెక్కుతాను. మాది మందులు టోకున అమ్మే ఆఫీసు. అక్కడి ఆడవాళ్ళు పొద్దున్నే పైనుంచి కిందికి ఒక చూపు చూసి, ఈవిడ మళ్ళీ అదే చీర కట్టిందని కళ్ళతోనే చెప్పుకుంటారు. వాళ్ళకి ఎన్ని చీరలున్నాయో మరి, నేను మాత్రం జాకెట్లు మార్చి చీర మార్చినట్టు బుకాయిస్తున్నాను. అయినా ఉద్యోగం బాగానే ఉంది, దాని గురించి బెంగపెట్టుకోకు.

ఇక మా ఇంటావిడ సంగతి. ఆవిణ్ణి వీధంతా మాషీమా అంటారు, అంటే పిన్నమ్మ లాంటి పిలుపు. వయసు మీద పడింది, పిల్లల్లేరు, మొగుడు ఎప్పుడో పోయాడు. అంచన్నది లేని తెల్లచీర కట్టుకుని వరండాలో పీట మీద కూర్చుంటుంది. మా ఆయన డ్రెడ్జరు మీద ఉన్నారు కదా, హల్దియా వైపు నది అడుగున ఇసుక తవ్వే ఓడ అది, ఎక్కితే నెలా రెండు నెలలు దిగనివ్వరు. అందుకని గార్డెన్ రీచ్ నుంచి ఆయన మేనమామ, దానియేలు మావయ్య వచ్చి ఈ గది కుదిర్చాడు. "మా అమ్మాయే, ఆఫీసులో పని సేస్తాది" అని మాత్రం చెప్పి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

మాషీమా నా మీద ఎంత ప్రేమ చూపించిందని! తన తాడు మీదే నా బట్టలు ఆరేసుకోనిచ్చింది. రోజూ పొద్దున్న నేను బయటికి వస్తుంటే ఆపి చూసేది. ఆకుపచ్చ చీర మీదికి ఎర్ర జాకెట్టు వేసుకుంటే తల అడ్డంగా ఊపి, వెనక్కి పంపి, బూడిదరంగుది వేసుకురమ్మనేది. గులాబీ చీర అసలే వద్దనేది. నీలం దాని మీదికి పసుపు వద్దు, నలుపు. నాకేం తెలుసు, కలకత్తా వాళ్ళ అభిరుచి ఇంత నెమ్మదిగా ఉంటుంది కాబోలు అనుకున్నాను. ఆవిడ మాట విని విని నేను ఆఫీసుకి తడిసిన కాకిలా తయారయ్యాను. నా మొగుడి గురించి ఒక్క ప్రశ్న వేసేది కాదు. ఎంత సంస్కారం, మనూళ్ళో అయితే ఈపాటికి ఆయన జీతం దగ్గర్నుంచి అడిగేసేవారు కదా అని మురిసిపోయాను కూడా.

ఆదివారం నేను తెల్లచీర కట్టుకుని చర్చికి బయలుదేరితే ఆవిడ కళ్ళు తుడుచుకునేది. తిరిగొచ్చేసరికి కంచంలో పచ్చి బియ్యపన్నం, నెయ్యి, ఉడకేసిన అరటికాయ పెట్టి ఉంచేది. ఉల్లిపాయ లేదు, చేప ముక్క ఊసే లేదు. ఊరు ఊరంతా చేపలు తింటుంటే నాకే ఎందుకు ఈ పథ్యం కూడు అనుకుంటూ, పెద్దావిడ బాధపడుతుందని మింగేదాన్ని.

కిందటి వారం శనివారం మధ్యాహ్నం నేను ఆఫీసు నుంచి వచ్చాను. కాసేపటికి ఆయన వచ్చారు. గడ్డం పెరిగిపోయి, భుజాన సంచీ, చేతిలో ఇంత పొడుగు పులస చేప. గదిలోకి వచ్చి ఇలా కూర్చున్నారో లేదో, వరండాలో మాషీమా ఒకటే కేకలు. వీధి క్లబ్బులో కారమ్స్ ఆడుకుంటున్న దాదాలు, అంటే పేట కుర్రాళ్ళు, ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. ఈ పేటలో మొగుడూ పెళ్ళాల తగువైనా, కుళాయి దగ్గర తగువైనా తీర్పు వాళ్ళదే.

"ఇతనెవరు దీదీ?" అన్నాడు ఒకడు.

"మా ఆయన" అన్నాను.

"ఎప్పట్నుంచి?"

ఆ మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయనేమో చేప పట్టుకునే లేచి నిలబడ్డారు. "ఏటి? నా పెళ్ళాం గదికి నానొస్తే ఈలకి సెప్పాలేటి? ఎవులీలు?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. పాపిట్లో సిందూరం లేదు, చేతులకి శంఖు గాజులు లేవు, నుదుట బొట్టు లేదు. మన మెళ్ళో తాళి వీళ్ళ లెక్కలోకి రాదు. ఆఫీసు కోసం తప్పక రంగులు కడుతోంది పాపం, సెలవు రోజున మాత్రం తన తెల్లచీర తను కట్టుకుని ఎక్కడికో వెళ్ళి ఏడ్చుకుని వస్తోంది అని వీధంతా తీర్మానించేసిందట. అలాంటిదాని గదిలోకి చేప పట్టుకుని మగాడు వచ్చాడు!

రుజువు చూపిద్దామని పెట్టె అడుగు నుంచి మా పెళ్ళి ఫోటో తీసి ఇచ్చాను. తీసి ఇచ్చాక గానీ నాకు వెలగలేదు. అందులోనూ నేను తెల్లచీరే కదక్కా, నెత్తిన తెల్ల ముసుగుతో సహా! దాదాలు ఫోటోని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశారు. మాషీమా చేతికి ఇస్తే ఆవిడ చాలాసేపు చూసింది. "పెళ్ళికి కూడా ఇదేనా?" అంది. ఫోటో గడప మీద పెట్టి లోపలికి పోయి తలుపేసుకుంది. చివరికి దానియేలు మావయ్యని పిలిపించి చెప్పిస్తే దాదాలు నమ్మారు. పోతూ పోతూ ఒకడు సలహా ఇచ్చాడు: "రెండు వేళ్ళ వెడల్పు ఎర్ర అంచు కుట్టించుకోండి దీదీ. మా ఆడవాళ్ళు పూజకి అదే కడతారు. ఇంక గొడవుండదు."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఈ ఊళ్ళో విధవలు ఉల్లీ చేపా ముట్టరట, అన్ని ఆదివారాలు నేను తిన్న అరటికాయ కూడు అదే. నా మొగుడు నిక్షేపంగా ఉండగా నేను దినం కూడు తిన్నానక్కా, పైగా బాగుందని తలాడించాను. ఛీ! ఇంత రోత నా జన్మలో పడలేదు.

మర్నాడు పొద్దున్న చూస్తే నా బట్టలన్నీ తాడు మీద నుంచి తీసి గుమ్మంలో కుప్ప పోసి ఉన్నాయి. ఆవిడ నా మొహం చూడకుండా చెప్పింది, నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమని. "నేను తప్పనిసరై కట్టుకున్న బట్ట నీకు ముచ్చటా?" అంది. నేనూ ఊరుకోలేదు. నన్నడగకుండా నా మొగుణ్ణి చంపమని ఎవరు చెప్పారు మీకు అన్నాను. నా వచ్చీరాని బెంగాలీలో ఎంత అర్థమైందో తెలియదు గానీ, కోపానికి భాష అక్కర్లేదు కదా.

ఈ ఊళ్ళో ఇంకో గది దొరకడం మాటలు కాదు. దొరికినా ఒంటరి ఆడదానికి ఇవ్వరు. గది లేకపోతే ఉద్యోగం మానుకుని ఇంటికి రావాలి. ఆయన మాత్రం పులస పులుసు జుర్రుకుంటూ, "ఓస్, దీనికేటే ఇంత గోల! ఆదోరం ఓ రంగు సీర కట్టీసుకో, నుదుటన ఇంత బొట్టెట్టీసుకో. దేవుడేటి, సీర రంగు సూత్తాడేటి?" అన్నారు. ఆ మాటకి నాకు పులుసు గిన్నె నెత్తి మీద బోర్లించాలనిపించింది. చర్చిలో తెల్లబట్ట ఎందుకో ఆయనకి తెలియదా? అక్కడ కూలివాడి పెళ్ళాం పక్కన ఇంజనీరు పెళ్ళాం అదే తెల్లచీరలో కూర్చుంటుంది. ఎవరి చీర ఎంతదో ఎవరికీ పట్టదు. వారమంతా జాకెట్టు మార్చి బుకాయించేదానికి ఆ ఒక్కపూట ఎంత హాయో మగాళ్ళకేం తెలుస్తుంది! ఆయన్ని సోమవారం ఓడెక్కించి పంపేశాను. కోపంగానే పంపాను గానీ పచ్చడి సీసా ఇచ్చాను, నువ్వు మళ్ళీ నన్ను తిట్టకు.

వారమంతా మాషీమా పీట గోడవైపు తిప్పుకుని కూర్చుంది. ఈ పొద్దున్న పెట్టె తీస్తే తెల్లచీర ముట్టుకోబుద్ధి కాలేదు. అయినా పంతానికి కట్టుకున్నాను. బైబిలు పట్టుకుని వరండా దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

"వారంలో ఈ ఒక్కరోజేనా?"

"ఒక్కరోజే."

"మిగతా రోజులు?"

"ఏది కావాలంటే అది."

"ఎవరూ ఏమీ అనరా?"

"ఎవరంటారు?"

ఆవిడ తన కొంగు చివర వేళ్ళతో నలుపుకుంటూ కూర్చుంది. నేను వెళ్ళబోయి మెట్టు దగ్గర ఆగాను.

"నాకు పంతొమ్మిదో ఏట నుంచీ అన్నీ ఆదివారాలే" అంది.

మళ్ళీ తనే, "రేపు ఏది కడతావు?" అంది.

"ఆకుపచ్చది. బూడిదరంగు జాకెట్టుతో. మీరే చెప్పారు కదా."

"ఆ బూడిదరంగుది చింపి మసిగుడ్డ చేసుకో. ఎర్రది వేసుకో, బౌమా."

బౌమా అంటే కోడలా అని. మొగుడున్నదాన్ని పిలిచే పిలుపు, నన్ను అలా పిలవడం ఇదే మొదలు. చర్చి నుంచి వచ్చేసరికి నా బట్టలు తన తాడు మీద ఆరేసి ఉన్నాయి. గది సంగతి మళ్ళీ ఎత్తలేదు. నా కంచంలో అరటికాయ కూడా లేదు. మొగుడున్నదానికి ఆ కూడు పెట్టకూడదు కాబోలు, అసలు కంచమే పెట్టలేదు, తన తిండి తనొక్కతే లోపల తింటోంది. పీడ వదిలిందని సంతోషించాల్సింది పోయి, నా గదిలో ఒక్కదాన్నే చారు కలుపుకుంటూ ఆవిడ తలుపు వైపే చూస్తూ కూర్చున్నానక్కా. నాకిప్పుడు ఆవిడంటే కోపం లేదు. ఆవిడకి ఆ చీర కట్టబెట్టిన వాళ్ళని తలుచుకుంటేనే ఒళ్ళంతా కంపరమెత్తుతోంది.

ఇంక నీ పనులు. చింతపండు, ఎండు రొయ్యలు దానియేలు మావయ్య మనిషితో పంపు. అమ్మకి చెప్పు, నేను వేళకి తింటున్నాను, చిక్కలేదు. ఈ ఉత్తరం మాత్రం అమ్మకి చదివి వినిపించకు, అల్లుడి గురించి ఆ మాట వింటే తట్టుకోలేదు. పాస్టరమ్మగారికి, వీధిలో పెద్దలందరికీ నా వందనాలు, నా కోసం ప్రార్థనలో ఒక్కమాట అనుకోమను.

క్రిస్మస్‌కి పొందూరు తెల్లచీర పంపుతానన్నావు కదా, పంపు. నేను మానను, ఎర్ర అంచూ కుట్టించను. మాషీమాకి కూడా పండక్కి ఒక చీర పెట్టాలని ఉంది. రంగుది పంపమంటే ఆవిడ కట్టదు. తెల్లది పంపమని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. నువ్వు పెద్దదానివి, ఏం పంపాలో నువ్వే చెప్పు.

నీ దీవెనలు కోరే చెల్లెలు,
కరుణ