పులి సుందరి పడిన చప్టా

రేగులవాగుపాలెం, జూన్ 3

రోడ్ల ఆఫీసు ఏఈ త్రికోటేశ్వరరావు గారికి, రెండో వార్డు మెంబరు కరుణమ్మ దణ్ణం పెట్టి రాసేది.

అయ్యా, మా ఊరికీ మాచర్లకీ నడుమ వాగు మీదున్న చప్టా కూలి మూడేళ్ళయింది. బస్సు అవతలే ఆగుద్ది. కాన్పుకు పోయే ఆడోళ్ళని మంచం మీద మోస్తన్నాం. ఎప్పుడడిగినా "పర్మిషన్లు రావాలమ్మా" అంటారు. మా తాతల నాటి చప్టాకి మళ్ళీ పర్మిషనేందండీ?

మొన్న శుక్రవారం మా పులి సుందరి ఆ గుంతలో పడింది. కాలు విరిగింది. ఇంకెన్ని కాళ్ళు విరగాలి?

ఇట్లు,
కరుణమ్మ

తా.క.: ఫోన్లో చెప్తే మీరు "ఆఁ, ఆఁ" అని పెట్టేస్తన్నారని ఉత్తరం రాశా. కాగితానికైతే నంబరన్నా వేస్తారంట గదా.

*

జూన్ 9

శ్రీమతి కరుణమ్మ గారికి నమస్కారాలు.

మీ చప్టా అడవి అంచున ఉంది. అందుకని పాతదాన్ని పాత వెడల్పులోనే బాగుచేయాలన్నా అటవీశాఖ, నీటిపారుదల శాఖ, పర్యావరణ ఆఫీసు, ముగ్గురూ ఒప్పుకోవాలి. ఒకరి సంతకం వచ్చేసరికి ఇంకొకరి గడువు తీరిపోతోంది. మూడేళ్ళుగా ఫైలు ఇలాగే తిరుగుతోంది. మీ ఉత్తరాన్ని ఒక్క అక్షరం మార్చకుండా ముగ్గురికీ పంపాను.

భవదీయుడు,
త్రికోటేశ్వరరావు

తా.క.: పులి సుందరి ఇప్పుడెక్కడుంది, ఏం తింటోంది, మనుషుల మీద పడుతోందా అని అటవీశాఖ వారు అడుగుతున్నారు. అక్కణ్ణుంచి రెండో రోజే జవాబు రావడం నా సర్వీసులో ఇదే మొదలు.

*

జూన్ 12

ఏఈ గారికి, కళ్ళు తుడుచుకుంటా కరుణమ్మ రాసేది.

ఆఫీసులోళ్ళు ఇంత మంచోళ్ళని నాకు తెలవదయ్యా. సుందరి ఏం తింటందో కూడా అడిగారా! మా ఇంటెనక రేకుల షెడ్డులో పడుకోబెట్టాం. కోడో, చేపో పెడతన్నాం. ఆకుకూర పెడితే పళ్ళెం తోసేస్తది. మనుషుల మీద పడుద్దా అంటే, చానా పడుద్ది. నిన్న పాలాయన మీద పడింది. నొప్పి గదా, పాపం.

ఉంటా,
కరుణమ్మ

తా.క.: దాని మొగుడు మాత్రం నెమ్మది. ఎవరొచ్చినా మూల కూర్చుని చూస్తంటాడు.

*

జూన్ 15

కరుణమ్మ గారికి,

మీ ఉత్తరంతో ఇక్కడ కలకలం రేగింది. సుందరిని, మూల కూర్చున్న ఆ రెండోదాన్ని కూడా బోనెక్కించాలని నిర్ణయించారు. గురువారం పదింటికి అటవీశాఖ రేంజి ఆఫీసరు నజీమా గారు, పశువుల డాక్టరు మీ చప్టా దగ్గరికి వస్తారు. సంగతి తెలిసి నీటిపారుదల ఇంజనీరు, పర్యావరణ ఆఫీసరు కూడా బయల్దేరుతున్నారు. నేనూ వస్తాను.

మీ,
త్రికోటేశ్వరరావు

తా.క.: నాలుగు కుర్చీలు, ఒక బల్ల వేయించండి. కుర్చీలు లేకపోయినా ఫర్వాలేదు, బల్ల తప్పనిసరి.

*

జూన్ 20

ఏఈ గారికి కరుణమ్మ రాసేది.

మీరు అరగంట ఆలస్యంగా వచ్చారు, ముందు జరిగింది మీకు తెలవదు. బోనంటే మేం కోర్టు బోననుకున్నాం. గుంతలో పడ్డ మనిషి మీద కేసేందని ఊరంతా సాక్ష్యం చెప్పటానికి వచ్చాం. సుందరి గుడికి కట్టే పట్టుచీర కట్టింది. తీరా చూస్తే వ్యానులో ఇనప బోన్లు రెండు! పశువుల డాక్టరు తుపాకీ పట్టుకుని, "పులెక్కడమ్మా?" అన్నాడు.

"నేనే" అంది సుందరి, కట్టుకట్టిన కాలు చాపి. "ఇంటిపేరు పులి. ఆశా వర్కర్ని. కాన్పు మనిషి దగ్గరికి పోతా పడ్డా. మనుషులం పడతంటే మూడేళ్ళు రాలేదు, పులి పడిందంటే పరిగెత్తుకొచ్చారా?"

డాక్టరు తుపాకీ ఎనక్కి దాచుకున్నాడు. అప్పుడు నజీమా గారే, "వచ్చిందెటూ వచ్చాం, చప్టా చూద్దాం" అని వాగులోకి దిగింది. తతిమ్మా వాళ్ళు ఆమె ఎనకే దిగారు. చెట్టొక్కటి కొట్టకూడదని ఆమె, నీళ్ళకి పెద్ద తూములేయాలని ఇంజనీరు, మట్టి వాగులో పొయ్యొద్దని పర్యావరణపాయన. అన్నిటికీ మీరు సరే అన్నారు. అన్నాల యేళకి నాలుగు సంతకాలూ, సీళ్ళూ ఆ బల్ల మీదే పడినయ్. అంత పెద్ద ఆఫీసర్ల చేత మా ఊళ్ళో సంతకాలు పెట్టించామంటే, నాకు నేలమీద కాళ్ళు ఆనటంలా.

ఇట్లు,
వార్డు మెంబరు కరుణమ్మ

తా.క.: నా రాత వల్ల మీకు మాట రాలేదు గదా? ఇంటిపేరని రాయాలని తోచలేదయ్యా.

*

సెప్టెంబరు 21

మెంబరు గారికి నమస్కారాలు.

పని పూర్తయ్యాకే రాద్దామని ఆగాను. నిన్న మన చప్టా మీద బస్సు నడిచింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను బస్సు వెనక నిలబడి చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి.

ఇంకో కబురు. పాత రోడ్డును పాత వెడల్పులో బాగుచేసే పనులన్నిటికీ ఇక ఒకటే ఫారం. నెలకో గురువారం నలుగురం కలిసి వెళ్ళి, చూసి, అక్కడే తేల్చేస్తాం. ఇప్పటికి పధ్నాలుగు చప్టాలు తేలాయి. అడవికి ఏ నష్టమూ లేదు. మా వాళ్ళు దీన్ని "రేగులవాగుపాలెం పద్ధతి" అంటున్నారు.

మీ రాతలో తప్పేమీ లేదమ్మా. మా ఆవిడ పుట్టింటి వాళ్ళు కూడా పులి వారే. మొదటి ఉత్తరంలోనే నాకు అర్థమైంది. నేను అబద్ధం రాయలేదు, అర్థం మాత్రం చెప్పలేదు.

మీ,
త్రికోటేశ్వరరావు

తా.క.: ఈ సంగతి నజీమా గారి దగ్గర తలవంచుకుని ఒప్పుకున్నాను. ఆవిడ ఒకటే నవ్వు. "నాకూ మొదటి రోజే తెలుసండీ. పులిని పట్టడానికి ఎవరైనా ఆఫీసు సీలు, ఇంకు ప్యాడు తెస్తారా?" అన్నారు.