బతికిన కాలేజీ

4 ఫిబ్రవరి 1957, సోమవారం
ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. చిన్నపిల్ల భయం గురించి డెబ్బై ఏళ్లవాడు ఏం రాస్తాడు? కానీ సిరాబుడ్డి మూత తీశాక ఊరికే మూయడం నాకు చేతకాని పని.

మా గంగ — కొడుకు కూతురు, ఏడేళ్లది — బడికి పోయి నెలవుతోంది. వంక గట్టున పట్టపగలు తోడేలు వచ్చి, దాని చేతిలో పలుపు ఉండగానే గొర్రెపిల్లను కరుచుకుపోయింది. అప్పటినుంచి వాకిలి దాటదు. బడేమో వంక అవతల. అయివారు కబురు పంపారు... నెలాఖరులోగా రాకుంటే పేరు కొట్టేస్తారట.

5, మంగళవారం
ఏనుగు కడుపు కింద దూరిస్తే పిల్లల భయం పోతుందని మా ఆవిడ. తోడేలునే కమ్మీల అవతల పెట్టి తీరిగ్గా చూపించాలని నేను. రెండూ దొరికేది మద్రాసు బతికిన కాలేజీలో. జంతువుల తోటకు మనవాళ్లు పెట్టిన పేరు అది. ఎముకలూ బొమ్మలూ ఉండే మ్యూజియం చచ్చిన కాలేజీ. ఏ కాలేజీ గడపా తొక్కని నాబోటివాడికి ఈ రెండూ చాలు.

కోడలు: "బెదిరిన బిడ్డను ఇంకా బెదిరిచ్చేదానికా మామా?"


7, గురువారం
మద్రాసు ప్రయాణానికి ముందు పాఠం మొదలు. వాకిట్లో ఎద్దు ముందు గంగ, దాని తమ్ముడు ఓబులేసు. సంతలో ఎద్దును కొనేవాడిలా చూడాలి ప్రతి జంతువునూ — ముందు కాలు, తర్వాత నోరు, ఆఖరున పేడ. దాని బతుకంతా అందులోనే.
"పులి పేడ ఎవురు చూస్తారు జేజినాయనా?"
"నువ్వే."
సంతోషంగా ఒప్పుకున్నాడు.

మా మామ నన్ను అల్లుడిగా ఖాయం చేసుకున్నదీ ఇట్లాగే. కాలు చూశాడు, మాట్లాడించి నోరు చూశాడు. మూడోది అడగలేదు, పెద్దమనిషి.

10, ఆదివారం. మద్రాసు
రాత్రంతా రైలు. స్టేషను పక్కనే తోట.

ఏనుగు... వాకిట్లో ఎంత పాఠం చెప్పుకుంటే ఏం. అంత పాదం నేల మీద పెడుతుంది, చప్పుడు లేదు. మా పిల్లి ఇంతకంటే గట్టిగా నడుస్తుంది. గంగ గొంతుక్కూర్చుంది.
"చూడు జేజినాయనా, కాలు ఆనిస్తే వెడల్పయితాంది, ఎత్తితే సన్నమయితాంది!"
నేనూ కూర్చున్నాను. నిజమే. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. కడుపు కింద దూరడానికి మావటి ఒప్పుకోలేదు.
"జేజికి ఏం చెప్పాల?" — గంగ.
"దూరినామని చెప్దాం" — ఓబులేసు.

సింహం అరిచింది. చెవులకు కాదు, పక్కటెముకలకు వినబడింది. పక్షులతో సహా తోటంతా ఊపిరి బిగబట్టింది. నేనూ.

తోడేలు బోను. గంగ రాలేదు. దూరంగా నిలబడింది. నేను పిలవలేదు. కమ్మీల దగ్గరినుంచి ఓబులేసు కేక — "యక్కా, కాలు మన కుక్కదే! పేడలో బొచ్చు ఉండాది!"

ఒక అడుగు... ఇంకో అడుగు. వచ్చింది. నా పంచె పట్టుకుని చూసింది. సన్నటి జంతువు. పచ్చటి కళ్లు. ఈ చివరినుంచి ఆ చివరికి, మళ్లీ ఈ చివరికి. నడిచి నడిచి నేల నున్నగా అరిగిపోయింది. ఒక్కసారి ఆగింది. గంగను చూసింది. గంగ దాన్ని చూసింది. ఆ చూపుల మధ్య నేను లేను.

"యాడికి పోతాండాది జేజినాయనా ఇది?"
సంతల్లో ఎద్దుల బేరాలాడి ఇన్నేళ్లూ నోటితో బతికినవాణ్ణి. దాని నడకే చూస్తూ నిలబడ్డాను.

12, మంగళవారం
ఇల్లు. కోడలు నా కంచంలో సంగటి ముద్ద విసురుగానే వేసింది. "పిల్ల కండ్లు చూడు మామా. నిద్దర పోయిందా అది?" పోలేదు. నేనూ పోలేదు.

13, బుధవారం
గోడ మీద బొగ్గుతో గీసింది గంగ. తోడేలు పాదం. వేళ్లు సరిగ్గా నాలుగు. కోడలు చెరపబోయి ఆగింది.

14, గురువారం
పొద్దున గంగ పలక తీసుకుని వాకిలి దాటింది. ఎవరూ పొమ్మనలేదు. వంక దాకా పోయి నిలబడింది. గొర్రెల మంద ఒకటి అడ్డం వచ్చి, పోయింది. చాలాసేపు అక్కడే. తర్వాత వంకలోకి దిగింది.

అవతలి గట్టు మా అరుగు మీదికి కనబడదు.

కోడలు నా పక్కనే కాసేపు నిలబడి, సంగటికి ఎసరు పెట్టడానికి లోపలికి పోయింది.