మేనత్త మాట, మేనల్లుడి షుగర్

నుకుఅలోఫా,
సోమవారం

ఊయిహా దీవిలో ఉన్న మా మేనత్త కలోలైనే గారి పాదాలకు దణ్ణం పెట్టి పట్నం నుంచి పెనిసిమాని రాస్తున్న ఉత్తరం.

అత్తా, నేను క్షేమం అని రాద్దామనుకున్నాను గానీ, కాలి బొటనవేలు ఒప్పుకోవడం లేదు. రేవు గోదాములో దాని మీద పెట్టె పడింది. నాకు తెలియనే లేదు. పక్కవాడు నెత్తురు చూపిస్తే తెలిసింది. ఆసుపత్రిలో నర్సు షుగర్ అంది. డబ్బామాంసం, గొర్రె కొవ్వు, తెల్ల రొట్టె, తీపి రంగునీళ్ళు తగ్గించు, దుంప పిడికెడు చాలు, ఆకుకూర ఎక్కువ తిను, నడువు, అంది. ఇంత చిన్న మాటకి జబ్బు లొంగుతుందా అని నా అనుమానం. గోదాములో అడిగితే ఒకడు మాంసం తప్ప ఇంకేదీ ముట్టొద్దన్నాడు. ఇంకొకడు పళ్ళ మీదే బతకమన్నాడు. మా మేస్త్రీ పొద్దున్నే వేన్నీళ్ళలో నిమ్మకాయ పిండుకోమన్నాడు. ఏది మంచిదో తేలాలంటే అన్నీ చూడాలి కదా, ఒక్కోటీ ఒక్కో వారం చేస్తాను. అందుకని ఈ నెల పెండలం పంపొద్దు.

ఇట్లు, మీ మాట జవదాటని
పెనిసిమాని

తా.క.: మా ఆవిడ మెలియామే డబ్బామాంసం అంతా పెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి మెళ్ళో వేసుకునే చర్చికి కూడా వెళ్తోంది.


ఊయిహా,
బుధవారం

చిరంజీవి పెనిసిమానికి అత్త దీవెనలు.

నీ ఉత్తరం పాస్టరుగారి చేత చదివించుకున్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. పెండలం వద్దని మన వంశంలో రాసినవాడివి నువ్వొక్కడివే. మీ తాత పొద్దున్నే తలకాయంత పెండలం తిని చేలోకి వెళ్ళేవాడు. షుగర్ లేదు, గిగర్ లేదు. నీ పెళ్ళాం నీకు తిండి పెట్టడం లేదు. ఆ సంగతి చెప్పుకోలేక నర్సు మీద పెట్టి రాశావు. నాకు అర్థం కాదనుకున్నావా?

ఉప్పుమాంసం పీపా, పెండలాలు, ఒక పంది పడవలో వస్తున్నాయి. మన దీవుల్లో తమ్ముడి పిల్లలకి మేనత్త మాటే శాసనమని నీకు చెప్పక్కర్లేదు. తిను.

మీ అత్త
కలోలైనే

తా.క.: పందికి కడుపు నిండా పెట్టమని మెలియామేకి చెప్పు. దాన్ని కూడా నీలా చెయ్యొద్దను.


నుకుఅలోఫా,
గురువారం

అత్తయ్యగారికి నమస్కారాలు.

పీపా చేరింది. మీ మాట తీసెయ్యలేక తిన్నాను. అది నా మాంసం వారం కూడాను. వారం తిరిగేసరికి పొట్ట రాయయింది, ఉప్పుకి కాళ్ళు వాచాయి. తర్వాత పళ్ళ వారం. పుచ్చకాయ, బొప్పాయి, అరటి, పొద్దస్తమానం నములుతూనే ఉన్నాను. నర్సు నా వేలు పొడిచి చూసి, తనే కుర్చీలో కూలబడింది. నిమ్మకాయ నీళ్ళ వల్ల ఆకలి తప్ప ఏమీ కాలేదు.

ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను అత్తా. లేచి పెరట్లో పంది చుట్టూ తిరుగుతాను. అది నా చుట్టూ తిరుగుతుంది. వంటింట్లోకి పోయి గిన్నెల మూతలెత్తి చూసి మళ్ళీ పెట్టేస్తాను. మొన్న మెలియామే, "ఇంట్లో మీ అత్త పీపా ఉండాలో, ఒంట్లో నీ కాలు ఉండాలో తేల్చుకో" అంది. నిన్న బట్టలు సర్దుకుని పుట్టింటికి వెళ్ళింది. వంట నేనే చేసుకుంటున్నాను.

ఇట్లు,
పెనిసిమాని

తా.క.: వంట అన్నాను గానీ, పెట్టె తాళం పగలగొట్టాను.


ఊయిహా,
ఆదివారం, చర్చి నుంచి రాగానే

చిరంజీవి పెనిసిమానికి,

అనుకున్నంతా అయింది. నిన్ను వదిలేసి పోయింది. ఇవాళ చర్చిలో నీ పేరు చెప్పి అందరి చేతా ప్రార్థన చేయించాను. ఆడవాళ్ళంతా ఏడ్చారు. కొందరికి నువ్వెవరో కూడా తెలియదు, అయినా ఏడ్చారు.

నువ్వు బెంగపెట్టుకోకు. నాకు వంట చేసే సేలాను పంపుతున్నాను. ఇన్నేళ్ళూ నా ఒళ్ళు ఇలా నిండుగా ఉందంటే దాని చేతి చలవే. కొబ్బరిపాలు అది పిండితే చిప్పలో చెమ్మ కూడా మిగలదు. నాకు కష్టమే, కానీ నువ్వు ముఖ్యం.

మీ అత్త
కలోలైనే

తా.క.: దానికి చదువు రాదు. నర్సు కాగితాలేవీ దాని ముందు చెల్లవు.


నుకుఅలోఫా,
శనివారం

అత్తయ్యగారికి,

మెలియామే చెల్లెలికి కాన్పు వచ్చింది. అందుకు వెళ్ళింది. ఆ ముక్క రాయడం మర్చిపోయాను. ఆడపిల్ల పుట్టింది. మెలియామే తిరిగొచ్చేసరికి వంటింట్లో సేలా కొబ్బరి కోరుతోంది.

"ఎవరమ్మా నువ్వు?" అంది మెలియామే.

"నువ్వు వెళ్ళిపోయావని వచ్చినదాన్ని."

"నేను వెళ్ళిపోలేదే."

"అయితే ఈ కొబ్బరేం చెయ్యను?" అంది సేలా.

ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. నన్ను బయట ఉండమన్నారు.

అత్తా, ఇంకో సంగతి. కట్టు మార్పించుకోడానికి వెళ్తే, రేవులో మాతో పనిచేసే ముసలాయన అక్కడ మంచం మీద ఉన్నాడు. షుగర్ ముదిరి మోకాలి కింద కాలు తీసేశారు. "నా చెప్పుల్లో ఒకటి మిగిలిపోయింది, నీకేమన్నా పనికొస్తుందా?" అన్నాడు. ఆయన నవ్వాడని నేనూ నవ్వాను. బయటికొచ్చి నా రెండు చెప్పులూ చూసుకున్నాను.

అందుకే పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మీ మాట కాదంటున్నాను. చేమాకు, చేప, పిడికెడు దుంప, కాస్త కొబ్బరిపాలు, అంతే తింటున్నాను. పనికి నడిచి వెళ్తున్నాను. పుండు ఆరుతోంది. కోపమొస్తే రానివ్వండి. పీపా మాత్రం పంపొద్దు.

ఇట్లు,
పెనిసిమాని

తా.క.: తిరిగి వెళ్తావా అని సేలాను అడిగాను. ఇక్కడెవరూ అరవడం లేదు, కొన్నాళ్ళుంటానంది.


ఊయిహా,
మంగళవారం

చిరంజీవి పెనిసిమానికి,

నీ ఉత్తరం విని పొయ్యిలో పడేశాను. నిన్ను తిడుతూ రాయిద్దామంటే ఓపిక లేకపోయింది. సేలా లేదు. కొబ్బరి పిండేవాళ్ళు లేరు. మాంసం డబ్బా మూత తియ్యడం నాకు రాదు. గుంటపొయ్యి తవ్వడానికి నడుం వంగదు. ఏం చెయ్యను? ఆటుపోటు చూసుకుని నీళ్ళలోకి నడిచి చిన్న చేపలో నత్తలో ఏరుకొచ్చాను. పెరట్లో చేమాకు కోసి ఉడకేసుకున్నాను. దుంపలు చెక్కు తియ్యడం విసుగు, ఒక్కటే తీశాను. రెండు నెలలు పూటపూటా నిన్ను తిట్టుకుంటూ అదే తిన్నాను.

బట్టలు వదులైపోయాయి. కలోలైనేకి చివరి రోజులొచ్చాయని ఊళ్ళో గుసగుసలు. ఈసారి చర్చిలో ప్రార్థన నాకే. నేనూ నమ్మాను. నా ఆస్తిగా దాచుకున్న నేత చాపలన్నీ ఊళ్ళో ఆడవాళ్ళకి పంచేసి, తెల్లబట్టలు కట్టుకుని పడుకున్నాను.

అప్పుడే వైద్యం పడవ వచ్చింది. నర్సుపిల్ల నా వేలు పొడిచి చూసి, "అమ్మా, పోయినేడాది మీ షుగర్ చూసి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఎంతో నయం. ఈ తిండి ఎవరు చెప్పారు?" అంది.

"ఎవరో చెప్పడమేంటి, నేనే కనిపెట్టాను" అన్నాను.

కాబట్టి శ్రద్ధగా విను. ఆకు ఎక్కువ తిను. చేప తిను. దుంప పిడికెడు. రోజూ నడువు. ఇది నర్సు చెప్పింది కాదు, ఆ ముసలాయన్ని చూసి భయపడి చేసేది కాదు. నీ మేనత్త ఆజ్ఞ. మెలియామేకి కూడా దగ్గరుండి నేర్పు. పాపం, దానికేం తెలుసు.

మీ అత్త
కలోలైనే

తా.క.: సేలాను ఇప్పట్లో పంపొద్దు. చాపలు తిరిగిమ్మంటే ఒక్కరూ ఇవ్వడం లేదు. నేను బతికినందుకు ఊరంతా నా మీద గుర్రుగా ఉంది.