అమ్మ మానేసిన మాట

కుమఠా నాకా, సోలాపూర్
ఆదివారం

బాపుకు,

నీ బిడ్డ నమ్రత దండాలు. ఇక్కడ అందరం మంచిగున్నామని మొట్టమొదట రాయమంది అమ్మ. రాశాను. భివండిలో నువ్వు వేళకు తింటున్నావనుకుంటాను.

అమ్మ నా ఎదురుగానే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమెకు చదవడం రాదు కాబట్టి ఆమె ముందే ఇది రాయగలుగుతున్నాను. ఫోన్ చేద్దామంటే ఒక్క గది ఇల్లు. బయటికి వెళ్లి చేద్దామంటే ఆమెను ఒంటరిగా వదలబుద్ధి కావడం లేదు. సాయంత్రం అంబాదాస్ మామ భివండి బస్సు ఎక్కుతాడు, రేపు పొద్దున ఇది నీ చేతిలో పెడతాడు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. పక్క కార్ఖానాలో మగ్గాలు పగలు మాత్రమే ఆడుతున్నాయి, తువ్వాళ్లకు గిరాకీ లేదట. ‘మూడేండ్లకు డిగ్రీ అయిపాయె గదా, మళ్ల గీ ఆనర్స్ ఏంది?’ అని రాశావు. సైకాలజీలో ఆనర్స్ అంటే పుస్తకం చదివితే చాలదు బాపూ. మనుషుల దగ్గరికి వెళ్లి, అడిగి, విన్నది రాయాలి. నేను విడీ ఘర్కుల్ కాలనీలో బీడీలు చుట్టే మన ఆడవాళ్ల మనసులో దిగుళ్ల గురించి రాస్తున్నాను. అమ్మే నన్ను వెంటబెట్టుకుని అక్కడి ఇళ్లన్నీ తిప్పింది.

కాలేజీలో ఇచ్చిన ప్రశ్నలు మరాఠీలో ఉంటే వాటిని నేనే తెలుగు చేశాను. ‘చనిపోవాలనిపిస్తోందా’ అనే ప్రశ్న ఒకటుంది. అంత మొరటుగా ఎలా అడగను? మనవాళ్ల మాటలోనే పెడితే బాగుంటుందని ‘సావన్న వస్తే మంచిగుండు అనిపిస్తదా?’ అని రాసుకుని పెద్ద తెలివైన పని చేశాననుకున్నాను. అడిగిన ప్రతి ఇంట్లో నవ్వారు. ‘దినాం అనిపిస్తది బిడ్డా. పొద్దుగాల నల్లా రాకున్నా అనిపిస్తది’ అంది సుందరాబాయి పెద్దమ్మ. ఒకామె ఇంట్లో లేకపోతే ఆ లోటుకు అమ్మను కూర్చోబెట్టి అడిగాను. అమ్మ ‘లేదు’ అంది.

మా గైడ్ మేడంది మరాఠీ. జవాబులు చూసి ఆమె ముఖం పాలిపోయింది. కాలనీ అంతా చావాలనుకుంటోందా అని కంగారుపడింది. మేము విసుగొస్తే ఊరికే అలా అంటామని చెబితే నన్ను బాగా కోప్పడింది. సొంత అమ్మను అడిగినందుకు ఇంకాస్త. కోపం తగ్గాక ఆ కాగితం మళ్లీ చూసి, ‘అందరూ ఊరికే అనే మాటను మీ అమ్మ ఎందుకు అనలేదు?’ అని అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆకు చెత్తగా వచ్చినా, బస్సు తప్పినా ‘నాకు సావన్న రాదు’ అనేది కదా అమ్మ? ‘గిన్నిసార్లు పిలుస్తున్నవ్, ఎప్పుడో ఇని వస్తది’ అని నువ్వు ఆటపట్టించేవాడివి. నువ్వు భివండి వెళ్లిన కొన్నాళ్లకు ఆమె ఆ మాట అనడం మానేసింది. మనుషుల మనసు చదువుతున్న నాకు అది వినపడలేదు.

ఇంటికొచ్చి సూటిగా అడిగాను. అమ్మ చేతిలో ఆకు అలాగే పట్టుకుంది. ‘ఇదివరకు ఊకెనే అంటుంటి బిడ్డా. ఇప్పుడు నిజంగనే అనిపిస్తంది. అందుకే ఆ మాట నోట్లకెళ్లి రానిస్తలేను, భయమైతంది’ అంది. చెబుతున్నంతసేపూ నా ముఖం చూడలేదు.

మేడం డాక్టరుతో మాట్లాడింది, మంగళవారం రమ్మన్నారు. ‘పిచ్చోళ్ల దవాఖానకు నేనెందుకొస్త?’ అంటోంది అమ్మ. బాపు తోలుకపోతే వస్తవా అంటే మాత్రం రానని అనలేదు. నా చెయ్యి లాగి తన నెత్తి మీద పెట్టుకుని, నీకు చెప్పనని ఒట్టు వేయించుకుంది. నేను వేశాను బాపూ. ఇప్పుడు తప్పుతున్నాను. నెత్తి మీద ఒట్టు తప్పితే ఆ నెత్తికే కీడని నాయనమ్మ అనేది. ఇంత చదివీ, ఆ కీడుకు భయపడుతూనే ఇది రాస్తున్నాను. జవాబు చెప్పేవాళ్ల మాట బయటపెట్టబోమని కాలేజీలో మేమూ మాటిచ్చే అడుగుతాం, కానీ ప్రాణం మీదికొస్తే ఆ మాట పక్కనపెట్టాలని మేడం చెప్పింది. నేను మేడం మాటే పట్టుకున్నాను.

ఇది చదివాక ఫోన్ చేయకు, ఆమెకు అనుమానం వస్తుంది. సెలవు దొరికిందని చెప్పి వచ్చెయ్. ఎందుకొచ్చావని ఆమె కసురుకుంటుంది, కసురుకోనీ. ‘నాకు సావన్న రాదు’ అని మునుపటిలా ఊరికే విసుక్కుంటే నా రెండు చెవులతో వినాలని ఉంది.

ఇప్పుడే తలెత్తి చూసింది.

‘గింత సేపు ఏం రాస్తున్నవే?’

‘కాలేజీ ముచ్చట.’

‘నేను మంచిగున్న అని రాసినవా?’

‘మొదలే రాసిన.’

‘మళ్లొక్కసారి రాయి. లేకుంటే ఆయిన పరేశాన్ అయితడు.’

రాస్తున్నాను. అమ్మ మంచిగుంది. ఆ మాట నమ్మకు బాపూ, వచ్చెయ్.

ఇట్లు
ఒట్టు తప్పిన నీ బిడ్డ
నమ్రత